మిగిలిన పావు మీటరు

మా సార్ పోయినారు. తిరుపతి బీఈడీ కాలేజీలో, పిల్లోళ్ళకు లెక్కలు ఎట్ల చెప్పాలో మాకు నేర్పించిన సార్. సోమవారం పొద్దున ప్రేయరు అయిపొయ్యి పిల్లోళ్ళు క్లాసులకు పోతా ఉంటే, నాతో చదువుకున్న ఆమె ఫోన్ చేసి చెప్పింది. వరండాలో స్తంభం పట్టుకోని నిలబడిపోయినాను. కొన్నాళ్ళుగా మంచంలోనే ఉన్నారని తెలుసు. అయినా ఆయన లేని రోజొకటి వస్తాదని నేను అనుకోనేలేదు.

ఆయన దగ్గర చదివినోళ్ళకు ఈ మాట గుర్తుండే ఉంటాది: "లెక్క నీకొస్తే నువ్వు పాసైతావు. అది ఎందుకట్ల వస్తాదో పిల్లోడికి తెలిస్తేనే నువ్వు టీచరు." జేబులో ఎప్పుడూ చాక్‌పీసు ముక్క ఉండేది, చొక్కాలన్నిటికీ ఆడ తెల్లమరక. పాఠం మధ్యలో "అది రూలు సార్" అన్నామా, అయిపోయినామే! లేచి బయటికి పొయ్యి, టీ తాగొచ్చి, "రూలు పెట్టినాయన ఈడ లేడు గానీ, నువ్వు చెప్పు" అనేవారు.

మాది నగరి, మగ్గాల ఇల్లు. గుడ్డ కొలిచేది నాకు అన్నం తిన్నంత సులువు. అందుకే బీఈడీ ట్రైనింగుకని పొయ్యిన హైస్కూల్లో ఒకసారి భిన్నాల భాగహారం పాఠానికి గుడ్డనే ఎత్తుకున్నా. మూడు మీటర్ల గుడ్డలో ముప్పావు మీటరు జాకెట్ ముక్కలు ఎన్నొస్తాయి? నాలుగు. వెనక కూర్చున్న సార్ అడిగినారు, "మరి ఒక మీటర్లో ఎన్నమ్మా?"

"ఒక ముక్క పోను పావు మిగుల్తాది. ఒకటింపావు ముక్క సార్" అన్నా టక్కున.

"అయితే మూడు మీటర్లకు?"

గుణిస్తే మూడుముప్పావు వచ్చింది, నాలుగు రాలేదు. పిల్లోళ్ళు గొల్లున నవ్వినారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నాకీ బీఈడీ వద్దు సార్, మగ్గం కాడికే పోతా" అని సాయంత్రం ఏడిస్తే, ఆయన ఎంత సంతోషపడినారనుకున్నారు!

"మిగిలింది పావు మీటరే గానీ పావు ముక్క కాదు మ్మా. ముప్పావులో పావు ఎన్నో వంతు?"

మూడో వంతు. అంటే మీటరుకు ఒక ముక్క, ఇంకో ముక్కలో మూడో వంతు. నాలుగు బై మూడు! భాగించమంటే తిరగేసి ఎందుకు గుణిస్తామో, డిగ్రీ కూడా అయినాక అప్పుడు కనపడింది నాకు. "ఈ తప్పును పారేసుకోబాకు. నీ పిల్లోళ్ళు కూడా ఈడనే పడతారు" అన్నారు. ఆ మాటకే నేను టీచర్నయినాను.

ఇప్పుడు సత్యవేడు పక్క హైస్కూల్లో చెప్తా ఉండాను. పదో తరగతిలో ఒక పాపకు భిన్నమంటే వణుకు. లెక్కల్లో తప్పితే కంపెనీ పనికి పంపిస్తానని వాళ్ళ నాయన చెప్పేసినాడు. సార్‌కు ఆ సంగతి చెప్పినప్పటినుంచి, ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఒకటే అడిగేవారు. గొంతు పీలగా అయిపొయ్యింది, అయినా అదే.

"ఆ పాపకు వచ్చిందా మ్మా?"

"ఇంకా లేదు సార్."

"తొందరపడబాకు. రూలు మటుకు చెప్పేయబాకు."

ఆయన నాతో మాట్లాడిన కడసారి మాట కూడా అదే. దహనానికి పొయ్యి వచ్చినాక, బడిలో నోరు తెరవబుద్ధి కాలేదు.

శుక్రవారం రెండు లీటర్ల పాలు, ముప్పావు లీటరు సీసాలు అని లెక్క ఇచ్చినా. ఆ పాప పక్కనుండే పిల్లతో గట్టిగా వాదులాడతా ఉండాది. "రెండు సీసాలు నిండి అర లీటరు మిగుల్తాది. అది అర సీసా గాదు మే, సూడు! సీసాలో మూడింట రెండు!"

నాకు ఏడుపు ఆగలేదు. ఇది ఎవరికి చెప్పాల? ఇంటర్వెల్లో సార్ నంబరుకే చేసినా. సార్ భార్య, అమ్మగారు, ఎత్తినారు.

"ఆ పాపకు వచ్చేసింది అమ్మా" అన్నా.

ఫోన్లో నిదానంగా నడిచిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినపడినాయి.

"ఆయన గదిలోకి వచ్చినాను. స్పీకర్ పెట్టినా" అన్నారు. "ఇంగోసారి చెప్పమ్మా. గట్టిగా చెప్పు."