కూలర్‌లోంచి నేను తీసిన పొట్లం

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది చూడ్డానికి చాలా చిన్నది. రెండు చేతుల్లో పట్టే కాగితం పొట్లం. దాన్ని ఎప్పుడో ఒక ఎయిర్‌పోర్ట్ బయట పొదల వెనక పెట్టేసి వచ్చాను. అయినా అది నాతోనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. చెప్పవలసిన మనిషికి చెప్పాలని ఎన్నో ఆదివారాలు ప్రయత్నించాను. ప్రతిసారీ "వందనాలు అంకుల్" దగ్గరే నా మాట ఆగిపోయింది.

మేము టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. ఆఫీసు స్నేహితుల వల్ల నాన్నకి వేట అలవాటైంది. తన మొదటి వేట మాంసం మా తెలుగు చర్చిలో కోత పండుగకే ఇస్తానని పాస్టర్ గారికి మాటిచ్చారు. కోత పండుగంటే ఎవరి కష్టంలో మొదటి వంతు వాళ్లు తెచ్చి దేవుని ముందు పెట్టే రోజు. పెరట్లో కాసిన సొరకాయలు తెచ్చేవాళ్లున్నారు, మొదటి జీతం తెచ్చేవాళ్లున్నారు. నాన్నది ఎల్క్ మాంసం. ఎల్క్ అంటే గుర్రమంత ఉండే దుప్పి.

ఆ ఏడు నేను హైస్కూల్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. అమ్మకి హాస్పిటల్ డ్యూటీలు కుదరక నన్ను కూడా వేటకి కొలరాడో పంపింది. నాన్నతోపాటు మా చర్చికే వచ్చే సుధాకర్ అంకుల్ వచ్చారు. అది ఆయన అసలు పేరు కాదు. అమెరికా రాకముందు ఆయన కాకినాడలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో పనిచేశారు. చలి పోకుండా పెట్టె సర్దడం తన చేతి విద్య అని నవ్వుతూ చెప్పుకునేవారు. వాళ్లిద్దరూ కొండల్లో తిరుగుతుంటే నేను క్యాబిన్‌లో కూర్చుని పుస్తకాలు చదువుకున్నాను.

నాన్న కొట్టిన ఎల్క్ మాంసాన్ని అక్కడి కసాయి కొట్లో కోయించి, గడ్డ కట్టించి, తెల్ల కాగితాల్లో చుట్టించారు. కూలర్, అంటే చలి నిలిపే మూత పెట్టె, సర్దింది అంకుల్. మాంసం మీద డ్రై ఐస్, అంటే నీరవకుండా పొగలా ఆవిరైపోయే ఐస్ గడ్డ, దానికి మందంగా వార్తాపత్రిక. పొగ బయటికి పోవాలని మూతకి అక్కడక్కడా మాత్రమే టేప్ వేశారు. నేను పక్కనే నిలబడి టేప్ ముక్కలు తుంచి అందించాను. అంటే చూశాను. ఆయన పెట్టడం నా కళ్లతో చూశాను.

ఎయిర్‌పోర్ట్‌లో నాన్న అద్దె కారు తిరిగి ఇవ్వడానికి వెళ్లారు. ఎల్క్ కొమ్ములు కూడా వెంట తెస్తున్నాం. వాటి మొనలకి ఏదైనా తొడగకపోతే విమానంలోకి తీసుకోరట. అంకుల్ ఆ పనిలో ఉన్నారు. కూలర్‌తో నన్ను లైన్‌లో నిలబెట్టి, "డ్రై ఐస్ ఉందని చెప్పమ్మా, స్టిక్కర్ వేస్తారు, అంతే" అన్నారు.

ఒక్క వాక్యం. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ముందు మనసులో పదిసార్లు అనుకుని కూడా నోరు పెగలని పిల్లని నేను. ఫోన్‌లో పిజ్జా కూడా ఆర్డర్ చేసేదాన్ని కాదు. నా ముందు ఒకతనికి డ్రై ఐస్ గురించి పెద్ద ప్రశ్నలే వేశారు. ఎంత ఉంది, ఎలా చుట్టారు, పక్కకి వచ్చి తెరవండి అని. లైన్‌లో అందరూ అతన్నే చూస్తున్నారు. తర్వాతి వంతు నాది. కూలర్‌ని లాక్కుంటూ బయటికి వచ్చాను. టేప్ పీకి, స్వెటర్ చేతులు అరచేతుల మీదికి లాక్కుని, కాగితంతో సహా ఆ డ్రై ఐస్ పొట్లం తీసి పొదల వెనక పెట్టాను. తెల్లటి పొగ నేల మీద పాకింది. మళ్లీ టేప్ అంటించాను. కౌంటర్ దగ్గర డ్రై ఐస్ ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపాను. అబద్ధం కూడా కాదు. ఎంత తెలివి!

ప్రయాణం రెండు గంటలే కదా, గడ్డ కట్టిన మాంసానికి ఏమవుతుందిలే అనుకున్నాను. కొమ్ములు మాతోనే దిగాయి. కూలర్ దిగలేదు. ఎక్కడెక్కడో తిరిగి, టెక్సస్ ఎండలో ఇంకెక్కడో ఆగి, పండుగ నాటి ఉదయానికి వచ్చింది. తిన్నగా చర్చి వంటగదికే తీసుకెళ్లారు. మూత తీయగానే వాసనకి అందరూ వెనక్కి జరిగారు.

"డ్రై ఐస్ అసలు పెట్టావా తమ్ముడూ?" అన్నారు నాన్న.

"పెట్టాను అన్నయ్యా. పేపర్ చుట్టి మరీ పెట్టాను."

"ఐస్ ఆవిరైపోయిందనుకో, పేపర్ కూడా ఆవిరవుతుందా?"

మసాలా నూరి సిద్ధంగా పెట్టుకున్న ఒక ఆంటీ, "కొమ్ములు క్షేమంగా వచ్చాయిగా బ్రదర్, వాటినే పులుసు పెట్టేద్దాం" అంది. అందరూ నవ్వారు. అంకుల్ కూడా నవ్వబోయి ఆగి, నా వైపు తిరిగారు.

"నేను పెట్టడం నువ్వు చూశావు కదమ్మా?"

"గుర్తులేదు అంకుల్."

ఇదే. మీకు చెప్పాలనుకున్నది ఇదే. పొట్లం తీయడం భయంతో చేసిన పని. దాన్ని ఏదో ఒక రోజు నేనే క్షమించుకోగలనేమో. కానీ ఆ మాట అన్నప్పుడు నాకు ఏ భయమూ లేదు. తడబడలేదు కూడా. ఎన్నడూ లేనిది, ముందుగా ఒక్కసారైనా మనసులో అనుకోకుండానే నోటికొచ్చింది.

ఆయన కాసేపు ఖాళీ చేతులు చూసుకున్నారు. "అయితే మర్చిపోయుంటాను అన్నయ్యా" అన్నారు.

ఆ రోజు భోజనంలో పప్పు, సొరకాయ కూర. నాన్న ప్రథమ ఫలం చెత్తబుట్టలోకి వెళ్లింది. అంకుల్ మళ్లీ ఎవరి పెట్టెనూ సర్దలేదు. ఇండియా వెళ్లేవాళ్లు సూట్‌కేసులు సర్దిపెట్టమన్నా, "నాకు మతిమరుపమ్మా" అని తప్పుకుంటారు. తనకి మతిమరుపని నిజంగానే నమ్మారు. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్లి గుంజి చూసుకోవడం నేను చూశాను. అది నేను ఆయనకి ఇచ్చిన జబ్బు. డ్రై ఐస్ ఉన్నా ఆ మాంసం పాడయ్యేదేనేమో అని ఎన్నోసార్లు సర్ది చెప్పుకున్నాను. కావచ్చు. కాని అప్పుడు కూలర్‌లో కాగితమైనా మిగిలేది కదా. ఆయన మాట నిలిచేది కదా.

కొమ్ములు మా గరాజ్‌లో గోడకి ఉన్నాయి. కారెక్కిన ప్రతిసారీ వాటి కిందనుంచే వెళతాను.

ఈసారి చలికాలం మొదట్లో నాన్న మళ్లీ వేటకి వెళుతున్నారు. మొన్న చర్చిలో, "సుధాకర్‌ని తీసుకెళ్లను బాబూ, పోయినసారి ఐస్ మర్చిపోయాడు, మాంసం మర్చిపోలేదు, అదే నయం" అని జోక్ వేశారు. అంకుల్ అందరికంటే గట్టిగా నవ్వారు. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆయనకి ఇంకా చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలియదు. ఏమీ అనకపోతే ఇంకా కష్టం. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీది కాదు. అయినా చాలా తేలిగ్గా ఉంది. ఇందాక గరాజ్‌లోకి వెళ్లి, కొమ్ముల కింద నిలబడి, మెల్లగా కాదు, మామూలు గొంతుతోనే పైకి అన్నాను.

చూశాను అంకుల్. మీరు పెట్టారు. నేను తీశాను.

నోరు పెగిలింది.