బస్సు కాలూ రేసు బండీ

ఆ మెకానిక్‌కి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది. షెడ్డు తెరిచిన కొత్తల్లోనే అది కాస్తా పోయి చిరాకయ్య అన్న పేరు మిగిలింది. బండి తెచ్చినవాడికి పలకరింపు కంటే ముందు తిట్లు తగిలేవి. "ఆయిల్ ఎప్పుడు మార్పించావు? గుర్తు లేదా? అన్నం తినడం మాత్రం రోజూ గుర్తుంటుంది." ఎవరు ఏ చప్పుడుతో వచ్చినా ఆయన తీర్పు ఒకటే. యంత్రం పాపం ఎరగదు, తప్పంతా దాన్ని పట్టుకున్న మనిషిది. చాలాసార్లు ఆ మాట నిజమయ్యేది కూడా. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. నాలుగుసార్లు నిజమైన మాటని మనిషి అయిదోసారి పరీక్షించి చూడడు.

చిరాకయ్య అక్క మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా అదే ఊళ్ళో, ఎర్ర దీపం నుంచి ఎర్ర దీపానికి, స్టాపు నుంచి స్టాపుకి బస్సు తోలాడు. ఎవరినీ గుద్దలేదు, ఎవరినీ తిట్టలేదు, అనవసరంగా హారన్ కూడా కొట్టలేదు. అలాంటివాడు రిటైరైన మరునెలే, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా, సెకండ్ హ్యాండ్‌లో ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు.

"ఇద్దరికే చోటు. కూరగాయల సంచి నా ఒళ్ళో పెట్టుకోవాలట. ఈ వయసులో ఇదేం పిచ్చో నువ్వే అడుగు" అని అక్క తమ్ముడికి ఫోన్ చేసింది.

బావ దగ్గర ఉన్న సమాధానం చిన్నది. "ఇన్నేళ్ళూ అందరూ నన్ను దాటుకుపోయారు."

మొదటి వారం బండి గుర్రంలా పరిగెత్తింది. బావ ముఖం చూసి అక్క కూడా సణగడం తగ్గించింది. అప్పుడు చిరాకయ్య రంగంలోకి దిగాడు. పాత ఓనర్లు బండిని ఎంత అధ్వాన్నంగా వాడి ఉంటారో ఆయనకి చూడకుండానే తెలుసు. బండిని షెడ్డులో పెట్టించి, ఆయిల్ మార్చి, రేడియేటర్‌లో ఉన్న పాత నీళ్ళు చివరి చుక్క దాకా వదిలించి కొత్త నీళ్ళు పోశాడు. ఇక చూసుకోనక్కర్లేదు అన్నాడు.

ఆ మర్నాటి నుంచే బండి ఉడకడం మొదలుపెట్టింది.

పక్క కొట్టు బ్యాటరీలాయనకి ఇది పండగైపోయింది. ఆయనా చిరాకయ్యా రోజూ టీ కొట్టు దగ్గర ఏదో ఒక దానికి వాదించుకునేవాళ్ళే. ఇప్పుడు సరైన వస్తువు దొరికింది. "ఇంజనేమో సీట్ల వెనక. రేడియేటరేమో ముక్కులో. మధ్యలో బండి కింద నుంచి పొడుగాటి గొట్టాలు. నీళ్ళు పోసే మూతేమో తోక దగ్గర. వంటిల్లు ఒక వీధిలో, కుళాయి ఇంకో వీధిలో పెట్టినట్టుంది. దీని నమూనా గీసినవాణ్ణి అనాలి గానీ వాడినవాణ్ణి అంటావేంటయ్యా?"

"గీసినవాడు చదువుకున్నవాడు. వాడికి తెలీదా?" అనేవాడు చిరాకయ్య. "వాడకం తెలియని వాళ్ళ చేతిలో పడితే బంగారం కూడా తుప్పు పడుతుంది."

"బంగారం తుప్పు పట్టదు."

"నీ దగ్గరుంటే పడుతుంది."

ఇలా సాగింది. చిరాకయ్య గొట్టాలు మార్చాడు, పంపు మార్చాడు, ఫ్యాను మార్చాడు. మార్చిన ప్రతిసారీ నీళ్ళు వదిలి మళ్ళీ కొత్తవి పోశాడు. బండి ప్రతిసారీ మార్కెట్ దాకా బుద్ధిగా వెళ్ళి, ఊరి చివర ఎత్తు రోడ్డు ఎక్కగానే పొగలు కక్కింది. తల ప్రాణం తోకకొచ్చింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇన్నాళ్ళూ ఊరంతా ఒప్పుకుంది, ఈ ఒక్క బండి మాత్రం నాలుగో కాలు చూపించి వెక్కిరిస్తోంది. తప్పు పాత ఓనర్ల మీద వేద్దామంటే వాళ్ళ పాపాలన్నీ ఊడదీసి పారేశాడాయె. ఇక మిగిలింది ఎవరు?

"బావా, ఏమీ అనుకోకండి. ఇది మీ కాలు" అన్నాడు ఒకరోజు, టీ కొట్టు దగ్గర, నిండా జనం ఉండగా. "బస్సు తొక్కిన కాలు. బస్సుకి తొక్కినట్టు తొక్కితే ఈ ఇంజన్ ఉడక్క ఏమవుతుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఊరికే బండిని అనకూడదు."

జనం నవ్వారు. నవ్వనిది బ్యాటరీలాయన ఒక్కడే. బావ గ్లాసులో మిగిలిన టీ తాగేసి, డబ్బులిచ్చి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. బండి షెడ్డులోనే ఉండిపోయింది.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. వీళ్ళిద్దరికీ అది వాదన, బావకి అది బతుకంతా చేసిన పని. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో కుర్చీలో కూర్చుని కుడికాలు నేల మీద మెల్లిగా నొక్కి వదలడం, నొక్కి వదలడం అక్క చూసింది. ఎదురింటివాళ్ళు ఆస్పత్రికి దింపమని అడిగితే, "నా కాలు సరిగ్గా పడట్లేదు, వేరే ఎవరినైనా చూసుకోండి" అన్నాడట. అక్క షెడ్డుకి వచ్చి తమ్ముణ్ణి నిలదీసింది.

"ఆయన నెత్తి మీద జనాన్ని పెట్టుకుని తోలాడు రా, ఒక్కరికీ గీత పడలేదు. ఇప్పుడు స్టీరింగు ముట్టుకోవాలంటే భయపడుతున్నాడు. నీ నోటికి ఒక మూత ఉండదా?"

"ఉన్నమాటన్నాను అక్కా. సరే, ఇంకోసారి చూస్తాను. నువ్వూ పక్కన కూర్చో, ఆయన ఎలా తొక్కుతాడో నీకే తెలుస్తుంది."

మళ్ళీ నీళ్ళు వదిలాడు, మళ్ళీ పోశాడు. బావ అక్కని ఎక్కించుకుని, గుడ్ల బుట్ట మోస్తున్నవాడిలా తొక్కుతూ ఎత్తు రోడ్డు దాకా వెళ్ళాడు. సగం ఎక్కాక బండి గుప్పుమని ఆవిరి వదిలింది. అక్క దిగి, చీర దులుపుకుని, వెనకాల వచ్చిన సిటీ బస్సు ఎక్కి ఇంటికొచ్చేసింది. బావ బండిని అక్కడే వదిలేసి వచ్చి, "అమ్మేద్దాం" అన్నాడు. ఆమె వద్దనలేదు. కొన్న కొత్తల్లో ఆ మాట కోసమే సణిగిన మనిషి, తీరా వినపడేసరికి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

కొన్నది ఒక పళ్ళ డాక్టరమ్మ. ఉడుకుతుందని చెప్పే అమ్మారు. ఆవిడ లారీ మీద ఎక్కించుకుపోయింది.

కొన్నాళ్ళకి ఆ ఎర్ర బండి తనంతట తాను చిరాకయ్య షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. డాక్టరమ్మ దిగి, "వైపర్ రబ్బర్లున్నాయా?" అంది.

"రబ్బర్ల సంగతి సరే, ఉడకట్లేదా?"

"లేదే. నీళ్ళు తక్కువున్నట్టుంటే పోశాను. బుడబుడమని ఒకటే గాలి బయటికొచ్చింది. బకెట్టు నీళ్ళు తాగేసింది. ఆ తర్వాత ఇబ్బందే లేదు. నిన్న ఎత్తు రోడ్డు కూడా ఎక్కాను."

"ఎక్కడ పెట్టి పోశారు?"

"మా అపార్ట్‌మెంట్ కింద. పార్కింగ్ నిండిపోతే లోపలికి దిగే వాలులోనే ఆపాను. ముక్కు కిందకి, తోక పైకి. ఏం, తప్పా?"

చిరాకయ్య వెనక్కి తిరిగి తన షెడ్డు నేల చూసుకున్నాడు. ఆ నేల తన చేతులతో పోసుకున్నది. కడిగిన నీళ్ళూ నూనే వీధి కాలవలోకి జారిపోవాలని వెనక గోడ వైపు ఎత్తు చేసి పోశాడు. ఏ బండైనా ముక్కు లోపలికి పెట్టి నిలబడాల్సిందే, అంటే ముక్కు పైకి. మామూలు బండ్లకి మూత ముక్కులోనే ఉంటుంది, గాలి సుఖంగా పైకొచ్చి పోతుంది. అందుకే తన దగ్గర నీళ్ళు పట్టినట్టు ఇంకెక్కడా పట్టవని గొప్పలు కూడా చెప్పుకున్నాడు. ఈ బండికి మూత తోకలో ఉంది. తను నీళ్ళు పోసిన ప్రతిసారీ గాలంతా ఎత్తుగా ఉన్న ముక్కులో, రేడియేటర్లో చిక్కుకుపోయింది. బండి బాగానే వచ్చింది. ఉడకబెట్టింది తను.

పక్క కొట్టులోంచి అంతా విన్న బ్యాటరీలాయన లేచి వచ్చాడు. "చూశావా? గీతలోనే లోపం అని మొదటి నుంచీ మొత్తుకున్నాను."

"లోపం ఏంటి? వాలు చూసుకుని పోస్తే నిక్షేపంలా ఉందిగా. అంటే వాడకమే..." అని అలవాటుగా మొదలుపెట్టిన చిరాకయ్య, మాట మధ్యలో నోరు మూసుకున్నాడు. ఛీ, ఇదేం నోరు, అనుకున్నాడు. డాక్టరమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఈ బండి మా బావకి తిరిగి ఇచ్చేస్తారా?" అని అడిగాడు.

ఆవిడ నవ్వేసింది. "ఇప్పుడా? ప్రాణం పోయినా ఇవ్వను."

ఆయన షెడ్డుకి తాళం కూడా వెయ్యకుండా అక్క ఇంటికి వెళ్ళాడు. బావ కుర్చీలో ఉన్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాడు. నేల వాలు, గాలి, డాక్టరమ్మ, అన్నీ. బావ మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"ఎత్తు రోడ్డు ఎక్కిందా?"

"ఎక్కిందంట బావా."

"ఆవిరి రాలేదూ?"

"రాలేదు."

బావ తన కుడికాలి వైపు కాసేపు చూసుకున్నాడు. తర్వాత లేచి, చొక్కా వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. అక్క గుమ్మంలోకొచ్చి ఎక్కడికని అడిగితే, "టీ కొట్టుకి" అన్నాడు. "నీ తమ్ముడు ఒక మాట అక్కడ అన్నాడు. ఈ మాట కూడా అక్కడే అనాలి."

దారిలో ఆయన ముందు, చిరాకయ్య వెనక. టీ కొట్టు దగ్గర ఎప్పటిలాగే జనం ఉన్నారు. బావ కూర్చోలేదు, టీ కూడా చెప్పలేదు.

చిరాకయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు మా బావ కాలుది తప్పన్నాను. కాదు. ఆయన తోలడంలో ఏ లోపమూ లేదు. తప్పు మా షెడ్డు నేలది."

బావ ఎవరి మీదా గొంతు పెంచినవాడు కాదు. అప్పుడూ పెంచలేదు.

"నేలది కాదు బావమరిదీ. మళ్ళీ చెప్పు."

టీ కొట్టంతా చూస్తోంది. జీవితంలో ఎన్ని బండ్ల ముందు ఎంతమందికి ఎన్ని తీర్పులు చెప్పినా, ఈ ఒక్క మాట చిరాకయ్య నోటికి తిరగలేదు. బావ కదలకుండా, స్టాపులో చివరి మనిషి ఎక్కేదాకా ఆగినట్టు, ఆగాడు.

"నాది" అన్నాడు చిరాకయ్య.