వల గుర్తులు పడిన స్పోర్ట్స్ కారు

2022 ఫిబ్రవరి 12, శనివారం ఉదయం. విజయనగరం నుంచి కొత్తవలస వెళ్ళే దారిలో జాన్ గ్యారేజీ. ఉన్నవారు: కారు అమ్మదలచిన నూకరాజు (శ్రీకాకుళం జిల్లా తీరంలో చేపల వ్యాపారి), అతని భార్య పైడమ్మ, కొనదలచిన ప్రసాదరావుగారు (విశాఖపట్నంలో హోటలు యజమాని), గ్యారేజీ యజమాని జాన్, వాల్యూయర్‌గా నేను.

వాల్యూయర్ అంటే చేతులు మారబోయే పాత బండికి విలువ కట్టేవాడు. ప్రమాదంలో దెబ్బతిన్న బండ్ల నష్టం అంచనా వేయడం, ఇదీ కలిపి ముప్పయ్యేళ్ళకు పైగా నా బతుకుతెరువు. తనిఖీకి ముందు తేదీ, చోటు, ఉన్నవారి పేర్లు డైరీలో రాసుకోవడం మొదటినుంచీ అలవాటు. లారీలు, ట్రాక్టర్లు, స్కూలు బస్సులు వందలు చూశాను. ఆ రోజు చూసింది మాత్రం ఇద్దరే కూర్చునే జర్మనీ స్పోర్ట్స్ కారు. పసుపు రంగు. నేల మీద కప్పలా అణిగి ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటి బండికి విలువ కట్టమని నన్నడగడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ ఏడాది చివర నేను పని మానేశాను.

ఈ బండ్ల సంగతి కొంచెం చెప్పాలి. ఏ బండికైనా ఏటేటా విలువ తగ్గుతుంది. దాన్నే డిప్రిసియేషన్ అంటాం. మామూలు కారుకు ఆ తరుగుదల మెట్లు దిగినట్టు ఉంటుంది. స్పోర్ట్స్ కారుకు మొదటి నాలుగైదేళ్ళు నూతిలో బొక్కెన జారినట్టే. కొత్తది కొనగలిగినవాడు పాతది ముట్టుకోడు. పాతది కొనగలిగినవాడు రిపేర్లకు భయపడతాడు. ఆ తరువాత ఒక చోట ధర నిలబడుతుంది. అక్కడినుంచి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదానికన్నా దానికి ఏం జరిగిందన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది. ప్రమాదంలో పడిందా, ఎవరి చేతుల్లో ఉంది, సర్వీసు ఎక్కడ చేయించారు. అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, నీళ్ళలో మునిగిందా? మునిగిన బండిని ఫ్లడ్ కారు అంటారు. ఉప్పునీళ్ళయితే ఇక చెప్పేదేముంది. లోపలి వైర్లను ఉప్పు నెలల తరబడి ఒక్కొక్కటిగా తింటూ పోతుంది. అలాంటి బండికి పాత ఇనుము ధరకన్నా కొంచెం ఎక్కువ రాస్తే గొప్ప.

నూకరాజు ఈ కారును బెంగళూరులో ఒకరి దగ్గర కొన్నాడు. రొయ్యలకు మంచి ధర పలికిన ఏడాది. చిన్నప్పుడు హైవే మీద ఇలాంటిది ఒకటి దూసుకుపోతుంటే చూశాడట. అప్పటినుంచి మనసులో పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున్నే నరసన్నపేట దాకా హైవే మీద నడిపి తెచ్చి, కడిగి, గుడ్డ కప్పి షెడ్డులో పెట్టేవాడు. అంతకుమించిన వాడకం లేదు.

"మా ఊర్లో దీన్ని ఎవుడూ కారనడు బాబూ. నా సవితి అంటారు" అంది పైడమ్మ, గ్యారేజీ బల్ల మీద కూర్చుంటూ. "వారానికోపాలి తలంటు దానికే. నాకు పండక్కి కూడా లేదు."

"ఊరుకోవే" అన్నాడు నూకరాజు.

"ఏటి ఊరుకునేది? అమ్మేస్తన్నప్పుడైనా నిజం సెప్పనీ."

అమ్మడానికి కారణం పైడమ్మ తమ్ముడు దానయ్య. ముందటి ఏడాది తుఫానులో అతని పడవ పోయింది. దాని మీద మూడు కుటుంబాలు బతికేవి. అప్పటినుంచి దానయ్య ఇతరుల పడవల్లో కూలికి వెళుతున్నాడు. బారువ దగ్గర ఒక మంచి పడవ, ఇంజనుతో సహా అమ్మకానికి వచ్చింది. ఒడిశా వాళ్ళు కూడా అడుగుతున్నారని, సోమవారం దాటితే ఆగనని ఆ ఆసామి చెప్పాడు. ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలయ్యేలోగా రెండు నెలలైనా సొంత పడవతో వేట చేసుకుంటే ఆ ఇళ్ళు తెప్పరిల్లుతాయి. కారు అమ్ముడుపోతేనే పడవ. నూకరాజు సంగతంతా తేటగా చెప్పాడు, ప్రసాదరావుగారి ఎదుటే. అవసరంలో ఉన్నానని కొనేవాడికి చెప్పే అమ్మకందారును నేను చాలా అరుదుగా చూశాను.

ప్రసాదరావుగారూ మంచి మనిషే. బేరం దాదాపు కుదిరింది. ఆయనకు అప్పిచ్చే సంస్థ వాల్యుయేషన్ రిపోర్టు అడిగింది కనుక నేను వచ్చాను.

ఇంజను చల్లగా ఉండగానే మొదలుపెట్టడం నా పద్ధతి, అందుకే బండిని ముందురోజే తెప్పించాను. వేడెక్కితే చాలా రోగాలు దాక్కుంటాయి. స్టార్టు చేయమన్నాను. జాన్ తాళం తిప్పగానే ఆ ఇంజను మోగిన తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పొగ లేదు, అదురు లేదు. పదేళ్ళు దాటిన బండి! టైర్లు, బ్రేకులు, నూనెలు అన్నీ చూశాను. యజమాని ప్రేమ ఎక్కడ చూసినా కనిపించింది. మనసులో మంచి అంకె ఒకటి తయారవుతూ ఉంది.

తరువాత జాన్ కారును లిఫ్ట్ మీద పైకెత్తాడు.

తలుపుల కింద రెండు పక్కలా పొడుగునా ఉండే ఇనుప దూలాన్ని సిల్ అంటారు. బండి బలమంతా అందులోనే. ఆ సిల్ రెండు పక్కలా కొన్ని చోట్ల లోపలికి నొక్కుకుపోయి ఉంది. ప్రమాదం దెబ్బ అయితే ఒక పక్కే తగులుతుంది. ఇవి ఎదురెదురుగా, జతలు జతలుగా ఉన్నాయి. టార్చి దగ్గరగా పెట్టాను. తుప్పు పట్టకుండా అడుగున వేసే నల్లటి పూత మీద, ఆ నొక్కుల దగ్గర, చేపల వల కన్నులు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. అలాంటి గుర్తు నేను ఏ బండి కిందా చూడలేదు.

ప్రసాదరావుగారు వంగి చూసి లేచారు. ముఖం మారిపోయింది.

"తాళ్ళూ వలలూ కట్టి లాగారు. ఇది నీళ్ళలోంచి తీసిన బండి. మీ ఊరికి తుఫాను వచ్చిందని మీరే చెప్పారు కదా నూకరాజుగారూ. ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

నూకరాజు కారు కిందికి వచ్చి తలెత్తి చూశాడు. నిజంగా అప్పుడే మొదటిసారి చూస్తున్నాడని నాకు అర్థమైంది.

"నాకు తెల్దండి. తుఫాను నాడు నాను ఊర్లో లేను. సరుకు లారీతో హౌరా ఎల్లిపోనాను. తాళంసెవి కూడా నా జేబులోనే ఉండిపోనాది. షెడ్డులో నీళ్ళొచ్చాయి గానీ బండి తడవలేదని మాయావిడ సెప్పింది."

"షెడ్డులోకి నీళ్ళొస్తే ఇంత కిందికి ఉన్న కారు తడవకుండా ఎలా ఉంటుంది?"

న్యాయమైన ప్రశ్నే. నూకరాజు భార్య వైపు తిరిగాడు. అంతసేపూ గలగల మాట్లాడిన పైడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"సెప్పవే" అన్నాడు.

"సెప్పనని తమ్ముడికి మాటిచ్చాను."

"ఏటి మాట? ఇక్కడ నన్ను దొంగనంటంటే ఏటి మాట?"

"మిమ్మల్ని దొంగ అనలేదు..." అని ప్రసాదరావుగారు అంటూండగానే పైడమ్మ లేచి నిలబడింది. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాస్తాను.

"సాయంత్రానికి ఉప్పుటేరు పొంగి షెడ్డులోకి నీళ్ళొచ్చేస్తన్నాయి. బండి గేరులో ఉన్నాది, బ్రేకేసి ఉన్నాది, తోస్తే కదల్దు. మావోళ్ళు పడవలన్నీ ఒక్కొక్కటీ గట్టుకి లాగేసినారు. మా తమ్ముడిది ఆకర్న ఉండిపోనాది. అందరూ దానికాడికే ఎల్తంటే ఆడు ఆగమన్నాడు. 'ముందు బావ బండి ఎత్తండర్రా, పడవ ఇంకో గడియ ఆగుతాది' అన్నాడు. సరుగుడు గెడలు తెచ్చి, గీసుకుపోకుండా పాత వలలు సుట్టి, అడుగున దూర్చి పాతికమంది ఎత్తినారు. 'అక్కా, నీ సవితి బరువు తక్కువేటి కాదే' అని నవ్వుతానే ఉన్నాడు. తాటి దుంగలు ఒకదాని మీదొకటి పేర్సి, దాని మీద పెట్టి, స్తంభాలకి కట్టీసినారు. ఆ పనయి ఏటికాడికి ఎల్లేసరికి తాడు తెగిపోనాది. పడవ నేదు."

నూకరాజు చెయ్యి పైకెత్తి, ఆ వల గుర్తుల మీద వేళ్ళు పెట్టి తడిమాడు. రెండో పక్కకు వెళ్ళి అక్కడా తడిమాడు. బామ్మర్దికి సాయం చేస్తున్నాననే అనుకుని ఆ పొద్దున్న ఇల్లు కదిలాడు ఆయన.

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?" అన్నాడు చివరికి.

"సెప్తే ఏటి సేస్తావు మావా? నిద్రపోకండా కూకుంటావు. బావ సిన్నబుచ్చుకుంటాడని ఆడే వద్దన్నాడు. నువ్వొచ్చీలోగా బండి కిందికి దింపించీసినాడు."

కథ ఎంత గొప్పదైనా వాల్యూయర్ కథకు విలువ కట్టకూడదు, బండికే కట్టాలి. ప్రసాదరావుగారితో అదే అన్నాను. "ఆమె చెప్పింది నిజమైతే బండే చెబుతుంది. ఒక్క గంట ఇవ్వండి."

సీటు బెల్టులు చివరిదాకా లాగి చూశాను. బండి మునిగితే లోపల చుట్టుకుని ఉన్న భాగం మీద మట్టి గీత మిగులుతుంది, దాన్ని ఎంత కడిగినా పోదు. గీత లేదు. కార్పెట్ ఎత్తించాను. కింద దూది పొర పొడిగా, కంపెనీ వేసినప్పటి రంగులోనే ఉంది. సీట్ల అడుగున స్ప్రింగులు, వైర్లు కలిసే చోట రాగి ముక్కలు మెరుస్తున్నాయి. ఉప్పు తగిలితే అవి పచ్చగా పొంగుతాయి. జాన్ కూడా మళ్ళీ ఒకసారి వెతికాడు. ఉప్పునీటి జాడ ఎక్కడా లేదు. సిల్ నొక్కుకుంది కానీ వంగలేదు, కొలతలు సరిపోయాయి. బరువంతా ఒకే చోట పడకుండా గెడలను ఎడంగా సర్ది ఎత్తారు. పడవను వెన్ను విరగకుండా మోయడం తెలిసిన చేతులు అవి. క్రేను వాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా ఎత్తిన బండిని నేను చూడలేదు.

"మునగలేదు" అన్నాను. "అయితే సిల్ నొక్కులకు కొంత తగ్గించి రాయాలి."

పైడమ్మ ఒప్పుకోలేదు. "మావోళ్ళు మోసి నిలబెడితే రేటు తగ్గించెస్తారేటి బాబూ? ఇదేటి న్యాయం?"

"మోసినందుకు కాదమ్మా, రేకు సొట్టపోయినందుకు."

"ఆ సొట్టలు నేకపోతే బండే నేదు కదా!"

మా ఫారంలో దెబ్బలకు గడి ఉంది, కాపాడినవాళ్ళకు లేదు. నూకరాజే ఆమెను ఆపాడు. "రాయనీవే. ఉన్నది ఉన్నట్టు రాయాల. పడవ అమ్మినా అతుకులు సూపించే అమ్ముతాం కదేటి."

నేను కట్టిన విలువకు ప్రసాదరావుగారు అక్కడే ఒప్పుకున్నారు. బేరమాడలేదు, బయానా కూడా అక్కడే ఇచ్చారు. సంతకాలయ్యాక నూకరాజు చెయ్యి పట్టుకుని, "అపార్థం చేసుకున్నాను. ఆ సొట్టలు నేను తీయించను లెండి" అన్నారు. నూకరాజు తలాడించాడు కానీ మనసు అక్కడ లేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కాఫీ తాగుతుంటే గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నలభై లోపు వయసు, ఉప్పుగాలికి కమిలిన ముఖం. తొలి బస్సుకు వచ్చానన్నాడు. జాన్‌ని అడిగి ఇల్లు తెలుసుకున్నాడట.

"నాను దానయ్యనండి. నూకరాజు బామ్మర్దిని."

లోపలికి రమ్మంటే రాలేదు. వరండా మెట్టు మీదే కూర్చున్నాడు.

"అక్క రేత్రి సెప్పింది. మా గెడలు తగిలి బావ బండికి రేటు తగ్గిందంట కదా. ఎంత తగ్గిందో సెప్పండి బాబూ. ఒక్కసారే ఇచ్చుకోనేను గానీ, నెలనెలా తీర్సుకుంటాను. బావని అడిగితే సెప్పడు."

పడవ పోగొట్టుకున్న మనిషి, దేనికోసం పోగొట్టుకున్నాడో ఆ బండి సొట్టలకు నష్టపరిహారం కట్టడానికి వచ్చాడు. లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చి మూడు అంకెలు వేశాను. కారుకు నిన్న వచ్చిన ధర. సొట్టలకు నేను తగ్గించింది. ఉప్పునీళ్ళు లోపలికి పోయి ఉంటే ఆ బండికి నేను రాసి ఉండే ధర. ఒక్కొక్కటీ చదివి వినిపించాను.

"ఈ మొదటి అంకెలోంచి మూడోది తీసేస్తే మిగిలేదంతా నువ్వు నిలబెట్టిందే దానయ్యా. నువ్వు తగ్గించింది ఈ చిన్న అంకె. లెక్క ప్రకారం మీ బావే నీకు బాకీ."

అతను కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. తరువాత దాన్ని మడిచి నా చేతిలోనే పెట్టేశాడు.

"బావ నాకు బాకీ ఏటండి బాబూ! మా అక్క మొగుడు. ఈ కాయితం ఆయన కంట పడిందంటే పడవ నా ఒక్కడి పేరునే రాయించెస్తాడు. ఇద్దరి పేరునా ఉండాల. మీ దగ్గరే ఉంచీయండి."

ముప్పయ్యేళ్ళ పనిలో నేను రాసినవన్నీ తరిగిపోయినవాటి లెక్కలు. తరగకుండా ఆగింది ఎంత, ఎవరివల్ల ఆగింది అని కూడా ఒక వాల్యూయర్ చూడాలని ఆ ఉదయం తెలిసింది. అప్పటినుంచి పని మానేదాకా ప్రతి రిపోర్టు కిందా, ఎవరూ అడగకపోయినా, ఆ బండిని ఎవరు ఎలా చూసుకున్నారో ఒక వాక్యం రాశాను.

దానయ్య లేవబోతుండగా అతని ఫోను మోగింది. అవతల నూకరాజు గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"ఒరే, పొద్దున్నే ఎక్కడికి పోనావురా? బారువ ఎల్లాల. పడవ నువ్వు సూడకండా నాను కొంటానేటి?"

"బేగి వచ్చెస్తన్నాను బావా" అన్నాడు దానయ్య. ఎక్కడున్నాడో చెప్పలేదు. చెప్పులు వేసుకుని బస్టాండు వైపు దాదాపు పరుగెత్తాడు.