మధ్యాహ్నం నిద్రపోని పాట

నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై దాటాక. మా చర్చిలో సాయంత్రాలు పాస్టరమ్మగారు నేర్పారు. చదువు కోసం కాదు, పాటల కోసం నేర్చుకున్నాను. మిరపకాయల తొడిమలు తీస్తూ నేను కట్టిన పాటలు మరునాటికి సగం జారిపోయేవి. రాసుకుంటే ఉంటాయని ఆశ.

రాయడం వచ్చిన మరుసటి ఏడే నన్ను మిరప కల్లంలో కూలీల మేస్త్రిని చేశారు. ఇక చేతిలో కాయలు పోయి ఫోను వచ్చింది. పొద్దున్నే ఆటో మాట్లాడాలి, కూలీలను ఎక్కించాలి, తెల్లబారిన తాలు కాయలు ఎర్రకాయల్లో కలవకుండా చూడాలి, సరుకును కోల్డ్ స్టోరేజికి లారీ ఎక్కించాలి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆడవాళ్లందరూ మంటపుట్టే చేతులకు నూనె రాసుకుని, రేకుల పందిరి కింద ఖాళీ గోతాలు పరుచుకుని పడుకుంటారు. ఆ కాసేపూ కల్లంలో ఎవరూ ఎవరినీ లేపరు. నేను మాత్రం ఆ వేళ కూడా ఫోనులో మాట్లాడుతూ తిరిగేదాన్ని.

ఈ ఏడు కోత పండుగకు కొత్త పాట కావాలని పాస్టరమ్మగారు అడిగారు. పంట చేతికొచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే ఆదివారం అది. "నేను రాస్తానండి" అన్నాను. మొదటిసారి నా పాట కాగితం మీద పుట్టబోతోంది. ఆటోలో రాశాను, కాటా పక్కన నిలబడి రాశాను, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి రాశాను.

శుక్రవారం సాయంత్రం చర్చిలో మా ఆడవాళ్లను కూర్చోబెట్టి పాడాను.

"లేవండి లేవండి, తెల్లవారిపోయింది
నింపండి బస్తాలు, లారీ వచ్చేసింది
కబుర్లు చాలించి కాయలు ఏరండి
కాటా మూసేలోగా మూతులు కుట్టండి..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. మా వారి అక్క కూడా మాతోనే పనికొస్తుంది. ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే మేస్త్రమ్మా, ఇవి రోజూ నువ్వు మా మీద వేసే కేకలే కదే! రాగం ఒక్కటే కొత్త."

"అదేంటి వదినా, ఇది దేవుడి పాట."

"మరి దేవుడేడే ఇందులో? లారీ ఉంది, కాటా ఉంది. ఆయన్ని ఎక్కడ దించేశావు?"

కాగితం మళ్లీ చదివాను. నిజంగానే ఆయన లేడు. మేమూ లేము. పాటలు దాచుకోవడానికి నేర్చుకున్న అక్షరాలతో హుకుములు రాసుకొచ్చాను, నాకు తెలియకుండానే. నా లోపల ఇంకో పాట మిగిలి ఉందా? ఉంటే ఆదివారానికి వస్తుందా? ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వచ్చానో గుర్తులేదు.

మరునాడు అన్నాలయ్యాక వదిన నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఖాళీ కూర గిన్నెలో పడేసి మూత పెట్టింది.

"పడుకో."

"లారీ వస్తుంది వదినా!"

"వస్తే ఆగుద్ది. పడుకోవే!"

గిన్నె గుర్రుమంటూనే ఉంది. అది వింటూ వింటూ ఎప్పుడు నిద్రపోయానో. మెలకువ వచ్చేసరికి లారీ వచ్చి ఉంది. పరిగెత్తాను. లారీ నీడలో డ్రైవరు మొహం మీద తువ్వాలు కప్పుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. ఏమీ మునిగిపోలేదు! ఇన్నాళ్లూ ఎవరి కోసం పరిగెత్తానో అర్థంకాక అలాగే నిలబడిపోయాను.

అతన్ని లేపలేదు. వచ్చి కుప్ప దగ్గర కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. చాలాకాలానికి వేళ్లు మండాయి. ఆ మంటలోనే రెండు ముక్కలు నోటికి వచ్చాయి.

"చేతులకు మంటనిచ్చిన తండ్రీ, కళ్లకు నీడనిచ్చావు
కాయకు ఎరుపునిచ్చిన తండ్రీ, మాకు కునుకునిచ్చావు."

అంతకు మించి రాలేదు. ఆదివారం ఆ రెండు ముక్కలనే తిప్పి తిప్పి పాడాం. పాట అయ్యాక వదిన నా చెవిలో అంది:

"ఈసారి దేవుడున్నాడులే. నీ ఫోనే, ఇంకా గోంగూర వాసన కొడుతోంది."