కుమారికి నేను చెప్పిన పులిపిండి నియమం

హృదయాలను పరిశోధించే దేవునికి స్తోత్రం. నా నోట మాట పుట్టకముందే నా లోపలున్నది ఎరిగి, ఇంతకాలం నన్ను సహించినందుకు స్తోత్రం.

లాక్‌డౌన్ నాటి నుంచి ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే అనుకున్నాను. రెండు చెంచాల ఈస్ట్ అంత. మరి ప్రార్థనకు కళ్లు మూసుకోగానే అదే ఎందుకు ఎదురొస్తుంది?

ఆ రోజుల్లో నూజివీడులో ప్రతి ఇల్లూ బేకరీ అయిపోయింది. బయటికెళ్లే పని లేదు, ఫోను నిండా కేకుల వీడియోలు. కొట్లలో ముందు మైదా అయిపోయింది, తర్వాత బేకింగ్ పౌడరు, చివరికి ఈస్ట్. "మామిడికాయలు కొనే నాథుడు లేడు గానీ ఈస్ట్ కోసం కొట్టుకు చస్తున్నారండీ!" అని కిరాణా శెట్టిగారు నవ్వుతూ, అభిమానం కొద్దీ ఆఖరి అరకిలో ప్యాకెట్ నా సంచిలో వేశారు. నాకది ఎందుకు? ఆకలికి కాదు. మా చర్చి స్త్రీల కూడిక వాట్సాప్ గ్రూపులో నా బ్రెడ్డు ఫోటోలకు వచ్చే మెచ్చుకోలు కోసం. ఈస్టర్‌కి జడలా అల్లిన పెద్ద రొట్టె చేసి అందరిచేతా 'అబ్బ' అనిపించుకోవాలని. అంతే.

కుమారి అని పిలుస్తాను, అది ఆమె అసలు పేరు కాదు. మా సంఘంలో అప్పటికి కొత్త విశ్వాసి. భర్త ఆటో ఆగిపోతే, చిన్న ఓవెన్‌లో బన్నులు కాల్చి వీధిలో అమ్ముతూ ఇల్లు నెట్టుకొచ్చేది. గుడ్ ఫ్రైడేకి నాలుగు రోజుల ముందు, ఉదయాన్నే మా గేటు దగ్గర నిలబడింది.

"వందనాలక్కా. ఈస్ట్ ఉంటే రెండు చెంచాలు పెట్టండి. శెట్టిగారి దగ్గర లేదంట. ఇరవై ఇళ్లవాళ్లు బన్నులు చెప్పారు."

లేదు అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? వాక్యం చెప్పే నోటితో సూటిగా అబద్ధమాడడానికి భయమేసింది. ఆ భయంలో అంతకంటే పెద్ద పాపానికి దారి వెతుక్కున్నాను.

"ఈస్టర్ ముందు నలభై శ్రమల దినాల్లో విశ్వాసుల ఇళ్లలో పులిపిండి, అంటే ఈస్టు, ఉండకూడదమ్మా. తెలీదా నీకు?"

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, నాకెవరూ చెప్పలేదక్కా! రోజూ కాలుస్తూనే ఉన్నానే. మా ఆయన ఆటో ఆగిపోయింది అందుకేనంటారా?"

అవునన్నట్టు తల ఊపాననుకుంటాను.

పులిపిండి తీసేయడం ఇశ్రాయేలీయులకు పస్కా పండుగకు ఇచ్చిన ఆజ్ఞ. అది మన బన్నుల మీద నిషేధం కాదని నాకు తెలుసు. ఏళ్ల తరబడి సండే స్కూల్ చెప్పినదాన్ని, నాకు తెలియకపోవడమేంటి? కుమారి మాత్రం నమ్మింది. ఇరవై ఇళ్లకూ వెళ్లి, చేయలేనని చెప్పి వచ్చింది. ఆ తర్వాత నేనూ రొట్టె చేయలేకపోయాను. ఫోటో పెడితే ఈస్ట్ ఎక్కడిదని అడుగుతుంది కదా! ప్యాకెట్ ఫ్రిజ్‌లోనే పాడైపోయింది, పారేశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. కుమారి ఆ మాటను దేవుని మాటగా పట్టుకుంది. ఇప్పటికీ ఏటా ఆ నలభై రోజులు ఓవెన్ మూసేస్తుంది, సరిగ్గా బన్నులకు గిరాకీ ఉండే రోజుల్లో. ఇంకా ఇద్దరు ముగ్గురికి నేర్పింది. ఈ ఏడాది స్త్రీల కూడికలో, రెడ్డిగూడెంలో కొత్తగా చిన్న బేకరీ పెట్టిన ఒకమ్మాయి లేచి, "నలభై రోజులూ మూసేయాలా అక్కా? మీరే చెప్పారంట," అని అడిగింది. అందరూ నావైపు చూశారు. కుమారి అయితే గర్వంగా చూసింది. "నీ మనస్సాక్షి ప్రకారం చెయ్యమ్మా," అన్నాను. మనస్సాక్షి! నేను అనదగిన మాటేనా అది?

ఆ నియమం దేవుడు పెట్టింది కాదు. ఒక ప్యాకెట్ దాచుకోవడానికి నేను పుట్టించింది. ఇదిగో, రాసేశాను. ఈ కాగితం ముందుగా కుమారి చేతికే ఇస్తాను. ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. అడిగే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. అయినా చాలా ఏళ్ల తర్వాత గుండె నిండా ఊపిరి తీసుకున్నాను.

చదివే మీరు ఒక్క నిమిషం నాతో కలిసి మోకరించండి. నా కోసం కాదు. నా మాట అబద్ధమని తెలిసిన రోజున, ఆ మాటతో పాటు దేవుణ్ణి కూడా కుమారి వదిలేయకుండా ఉండాలని ప్రార్థించండి.