దూదంట!

ముందు ఒక మాట సరిచేయాలి. చర్చిలో క్రిస్మస్ నాటకానికి లాండ్రీ అక్క పాటల టీచరు మీద కోపంతో కావాలనే కూతురికి గొర్రె వేషం కట్టి పంపిందని ఒకరంటున్నారు. పిల్ల స్టేజీ మీద మాట్లాడుతుంటే అలిగి కళ్ళు మూసుకుని కూర్చుందని ఇంకొకరంటున్నారు. రెండూ అబద్ధాలే. ఆ నెలలో ఆమెకు అలగడానికి కూడా ఓపిక లేదు. అలగడమంటే మాటలా? ఓ మూల చూసుకుని కూర్చోవాలి, ఎవరో ఒకరు వచ్చి బతిమాలేదాకా లేవకూడదు. ఆమెకు కూర్చునే తీరిక ఎక్కడేడ్చింది?

పని హోటల్ లాండ్రీలో. తడి దుప్పటి చెరో కొస పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు వేడి రోలరులోకి తోస్తే, అవతల నుంచి అప్పడంలా వస్తుంది. దాన్ని మడవాలి, మళ్ళీ ఇంకోటి తోయాలి. పొద్దున ఐదు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా నిలబడే పని. డిసెంబరు వస్తే హోటల్లో గదులన్నీ నిండిపోతాయి. దుప్పట్లు చాలవన్నట్టు విందుల్లో పరిచిన టేబుల్ గుడ్డలు కూడా వచ్చి పడతాయి, నిండా కొవ్వొత్తి మైనంతో. మైనం మీద కాగితం వేసి ఇస్త్రీ పెట్టె పెడితే కాగితం పీల్చుకుంటుంది. చిన్న పనే, కానీ నలభై గుడ్డలకి నలభైసార్లు చేసేసరికి తల ప్రాణం తోకకి వస్తుంది.

ఇంటికొస్తే, అందాకా పై అంతస్తు పిన్నిగారు చూసుకునే ముగ్గురు పిల్లలు. పెద్దోడికి ఎనిమిదేళ్ళు. నడిమిదానికి ఆరు. తెల్లారిన దగ్గర నుంచీ కిచకిచలాడుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని పిచ్చుక అంటారు. చివరివాడు బొండాం, ఇప్పుడిప్పుడే పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇంటాయన బస్సు డ్రైవరు. పండక్కి అందరూ సొంత ఊళ్ళకి పోవాలి, వాళ్ళని ఆయన దింపాలి. ఆయన తన ఇంటికి రావాలంటే మాత్రం జనవరే.

డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం ఆమె అంట్లు తోముతోంది. ఇటు కుళాయి, అటు కుక్కరు కూత, కాళ్ళ దగ్గర బొండాం ఏడుపు. పిచ్చుక ఎగురుకుంటూ వచ్చింది.

"అమ్మా! నాటకంలో నాకు వేషం ఇచ్చారు! నేను దూదంట!"

"ఏంటే?"

"దూదంట! టీచర్ చెప్పారు!"

పిచ్చుకకి ముందు పళ్ళు రెండూ ఊడి పదిరోజులైంది. అది అన్నది 'దూత' అని. క్రీస్తు పుట్టాడని గొర్రెల కాపరులకు కబురు చెప్పే దేవదూత, నాటకం మొత్తానికి ఒక్కతే దూత. తల్లికి వినబడింది మాత్రం దూది. అందులో ఆమె తప్పేముంది? పోయినేడు పెద్దోడికి గొర్రె వేషమిస్తే ఒళ్ళంతా దూది అంటించింది ఆమే. దూదంటే గొర్రె కాక ఇంకేముంటుంది?

"నాకు మాట కూడా ఉంది తెలుసా?"

"గొర్రెకి మాటేంటే? మే అనడమేగా!"

కుక్కరు ఇంకో కూత వేసింది. పిచ్చుకకి సగమే వినబడింది.

"నేను చెప్పను. ఆ రోజే వినాలి. ముందు బెంచీలో కూర్చుని వినాలి. మాటివ్వు."

తల్లి సబ్బు చేత్తోనే దాని చేతిలో చెయ్యేసింది. ఆ నెలలో ఇంటి నిండా పనులున్నా, తనకోసం ఆమె కోరుకున్నది ఆ ఒక్కటే. ముందు బెంచీలో కూర్చుని పిల్ల మాట వినడం.

ఇక పనులంటారా, కర్టెన్లు ఉతికింది. కిటికీకి కాగితం నక్షత్రం కట్టింది. పెద్దోడి కొత్త ప్యాంటు జానెడు పొడుగుంటే మడిచి కుట్టింది, వేసి చూస్తే ఈసారి బెత్తెడు పొట్టి. క్రిస్మస్ చెట్టుకి చమ్కీలు చుడితే బొండాం దాన్ని ఒళ్ళో పడేసుకున్నాడు. అప్పటి నుంచీ అన్నంలో చమ్కీ, పక్కలో చమ్కీ, లాండ్రీలో మడిచిన దుప్పట్లలో కూడా చమ్కీ. రోలరు అవతల నిలబడే ఆవిడ నవ్వింది.

"ఏంటక్కా, మెరిసిపోతున్నావు?"

"మెరుస్తున్నది చమ్కీ, నేను ఆరిపోయి చాలా రోజులైంది" అందామె.

కేకు ఒకటి మాడింది, రెండోది పొంగలేదు. పెద్దోడు దాన్ని బల్ల మీద కొట్టి చూసి, "అమ్మా, దీంతో మేకులు దిగుతాయి" అన్నాడు. మూడోదానికి పిండి కలుపుతుంటే ఇంటాయన ఫోను.

"అయిపోయాయా పనులు? ఇంకేం మిగిలింది?"

"నేను మిగిలాను" అంది.

"ఏదీ తలకెత్తుకోకు. తాపీగా చేసుకో."

"తాపీగా చేస్తే ఉగాదికి అవుతుంది మీ క్రిస్మస్" అని ఫోను పెట్టేసింది.

వీటి మధ్య గొర్రె వేషం. పాత తెల్ల బనీను మీద జిగురు రాసి కాస్త కాస్త దూది అంటించాలి. ఇటు అంటిస్తుంటే అటు బొండాం పీకుతాడు. చెట్టు మీద మంచు కావాలని పెద్దోడు గుప్పెడు ఎత్తుకుపోతాడు. పిచ్చుక మాత్రం పక్కనే కూర్చుని మురిసిపోయేది. దూత మబ్బుల్లోంచి దిగి వస్తుందని టీచరు చెప్పారట. అమ్మ తనకి మబ్బు తయారుచేస్తోందనుకుంది. బెత్తెడు తోక కుట్టినా మబ్బులో ముక్కే అనుకుంది. టోపీకి చెవులు కుట్టిన రోజు ఒక్కసారి అడిగింది.

"ఇవెందుకమ్మా?"

"చెవులెందుకే? వినడానికి."

పిచ్చుక సరేనంది. రిహార్సల్‌కి దాన్ని తీసుకెళ్ళేదీ పై అంతస్తు పిన్నిగారే. ఆవిడ గేటు దగ్గర వదిలి, తిరిగి గేటు దగ్గరే తెచ్చుకునేది. ఇక లోపలి సంగతి తల్లికి చెప్పేదెవరు?

ఇరవై నాలుగో తేదీ సాయంత్రం నాలుగింటికి నాటకం. ఆ రోజు కూడా పొద్దున ఐదింటికి లాండ్రీకి వెళ్ళింది. ఒంటిగంటకి వచ్చి ముగ్గురికీ స్నానాలు చేయించి, అన్నం పెట్టి, బట్టలేసింది. తను తిందామని గిన్నె మూత తీస్తే అడుగున గరిటెడు మిగిలింది, అదీ బొండాం నోట్లోకే పోయింది. ఒక చంకలో వాణ్ణి, ఇంకో చేత్తో దూది సంచిని పట్టుకుని బస్సెక్కింది. చర్చి పక్క హాల్లోకి వెళ్ళి పిచ్చుకకి వేషం కట్టి, టోపీ పెట్టి, స్టేజీ వెనక్కి తీసుకెళ్ళింది.

పాటల టీచరు చూశారు. చేతిలో కాగితాలు జారిపోయాయి.

"ఏంటమ్మా ఇది?"

"బాలేదా టీచర్? బొండాం కొంచెం పీకేశాడు. వెనకవైపేలెండి, కనబడదు."

"పాపది దూత వేషమమ్మా! రెక్కలేవి?"

"దూదేగా మీరు చెప్పింది!"

"దూది కాదు, దూత! దేవదూత!"

అప్పటికి అర్థమైంది. రోజుకి మూడువందల తెల్ల దుప్పట్లు తన చేతుల మీదుగా పోతాయి. చుడితే ఒక్క తెల్ల దుప్పటి ముక్కతో అయిపోయే వేషానికి పన్నెండు సాయంత్రాలు జిగురులో వేళ్ళు పెట్టుకుంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు, రెండింటికీ శక్తి లేక ఊరికే నిలబడింది.

టీచరు గడియారం చూసుకున్నారు. "డాక్టరమ్మగారి పాప తెల్లగౌనులో వచ్చింది. ఉన్నది ఒక్క మాటే, ఆ పాపకి నేర్పేస్తాను. మీ పాప గొర్రెల్లో కూర్చుంటుంది, సరేనా?"

పిచ్చుక పైకి చూసింది. కిచకిచ లేదు. దూది మధ్యలో రెండు కళ్ళు, అంతే.

ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని లాండ్రీ అక్క అప్పుడు నోరు తెరిచింది.

"మూడు వారాలుగా నాక్కూడా చెప్పకుండా దాచుకుంది టీచర్ ఆ మాట. గొర్రె చెప్తే మంచి వార్త చెడ్డదైపోతుందా?"

మూల నుంచి హార్మోనియం తాత అందుకున్నాడు. "ఆ కబురు గొర్రెల కాపరులకేగా టీచరమ్మా? తెలిసిన మొహమైతే వాళ్ళూ బెదరరు."

"తాతగారూ, మీరు వాయించుకోండి!" అన్నారు టీచరు. కానీ పెదవి చివర నవ్వు దాగలేదు. "సరే, కానివ్వండి. ఆ చెవులైనా పీకేయండి."

తల్లి పళ్ళతో దారం కొరికి చెవులు తీసేసింది. పిచ్చుక టోపీ తడుముకుంది.

"ఇప్పుడెలా వినాలమ్మా?"

"నువ్వు చెప్పవే తల్లీ. వినేది నేను."

మాటిచ్చినట్టే ముందు బెంచీలో కూర్చుంది. బొండాం ఒళ్ళో నిద్రపోయాడు, వెచ్చగా, బరువుగా. హార్మోనియం సన్నగా మోగుతోంది. పొద్దున నాలుగున్నర నుంచి ఆమె ఒళ్ళు ఒకచోట ఆనడం అదే మొదలు. తెర లేచింది. కాపరులు వచ్చారు, ఒకడి తలపాగా ఊడింది. అంతవరకే ఆమెకు గుర్తుంది.

చప్పట్లకి మెలకువ వచ్చేసరికి తెర పడుతోంది.

పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, విన్నావా? నువ్వు కళ్ళు మూసుకున్నావుగా, ప్రార్థన చేసుకుంటున్నావా?"

పిల్లే దారి చూపించింది. అవునంటే సరిపోయేది. ఎవరైనా అదే అనేవాళ్ళు. లాండ్రీ అక్క అనలేకపోయింది.

"లేదమ్మా. నిద్రపోయాను."

"మొత్తం?"

"మొత్తం."

పిచ్చుక ఏడవలేదు. దూదిలోంచి చేతులు బయటికి తీసి, "మాటిచ్చావు" అంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక తల్లి బతిమాలింది. "ఒక్కసారి నాకు చెప్పవే, ఇప్పుడు కళ్ళు మూయను."

"అది ఒక్కసారే చెప్పాలి. అయిపోయింది."

పండగ వచ్చింది, పోయింది. మూడో కేకు పొంగింది, అందరూ తిన్నారు. పిచ్చుక మళ్ళీ మాట్లాడుతోంది, కిచకిచలాడుతోంది, ఆ మాట తప్ప అన్నీ చెబుతోంది. చెట్టు తీసేశారు. లాండ్రీలో దుప్పట్లు తగ్గలేదు.

పై అంతస్తు పిన్నిగారు రోజూ దిగివచ్చి కబుర్లు చెబుతుంది. "గొర్రె దూతని చూసి హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్విందమ్మా" అంటుంది. తోక ఎలా ఊగిందో చేత్తో చూపిస్తుంది. వచ్చినవాళ్ళందరూ ఆ తోక గురించే చెబుతారు. లాండ్రీ అక్క నవ్వుతుంది, టీ ఇస్తుంది. వాళ్ళు లేచేటప్పుడు మెల్లగా అడుగుతుంది. "అది సరే, మా పిల్ల మాట ఎలా చెప్పింది?" వాళ్ళు "బాగానే చెప్పిందిలే" అని చెప్పులేసుకుంటారు.

అందుకే ఇదంతా చెప్పడం. ఆ రోజు హాల్లో మీలో చాలామంది ఉన్నారు. మధ్యాహ్నం రెండు దాటాక ఆమె ఇంట్లోనే ఉంటుంది, ఒకసారి వెళ్ళి చూసి రండి. నిద్రపోతుంటే లేపకండి, బొండాంని కాసేపు ఎత్తుకోండి. మేలుకుని ఉంటే మాత్రం గొర్రె మాట ఎత్తకండి. "భయపడకండి" అన్న ఆ ఒక్క మాట పిల్ల గట్టిగా అందా, మెల్లగా అందా, చేతులు పైకెత్తిందా, ఊడిన పళ్ళ సందులోంచి గాలి వచ్చిందా, అనేముందు ముందు బెంచీ వైపు చూసిందా, అదీ ఆమెకు కావాల్సింది. మీకు గుర్తున్నంత వరకూ చెప్పండి. లేనిది మాత్రం కలపకండి, ఆమెకు తెలిసిపోతుంది.