ఫోరెన్సిక్ సీటు

ఎంబీబీఎస్ తర్వాత రాసిన పీజీ ఎంట్రన్స్‌లో నాకొచ్చిన ర్యాంకుకు ఫోరెన్సిక్ తప్ప మరో సీటు వచ్చేలా లేదు. జహీరాబాద్ బస్టాండులో కూర్చుని, "ఛీ, ఇంత చదివి శవాలు కోసుకునే బతుకా" అని ఫోన్‌లో స్నేహితుడి దగ్గర ఈసడించుకున్నాను.

ఫోన్ పెట్టగానే, పక్కన అల్లం సంచితో కూర్చున్న పెద్దావిడ అడగకుండానే అందుకుంది. "మా తమ్మున్ని లారీ గుద్ది సంపింది. కోసే డాక్టర్ రాక పీనుగ కాడ రెండు దినాలు కూసున్నం. గాయన గూడ నీ అసొంటోడే గావచ్చు."

ర్యాంకంటే ఏమిటో తెలియని మనిషికి జవాబేమిటని మొహం తిప్పుకున్నాను. రాయికోడ్ బస్సు రాగానే ఆమె నన్ను ఎగాదిగా చూసి, సంచి నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సీటే తీసుకున్నాను. ఆమె మీద కోపం ఇంకా పోలేదు. కానీ మార్చురీ నుంచి ఫోనొస్తే, కలిపిన అన్నం వదిలేసి లేస్తాను.